కంట్లో కొరికిన చుక్క

1979 మార్చిలో ఒక శనివారం మధ్యాహ్నం హాజీ రద్వాన్ కూతురిని వెంటబెట్టుకుని మా ఫొటో స్టూడియోకి వచ్చాడు. ఆయన మా ఊళ్లో, కైరోకి ఉత్తరాన ఉన్న తాంతాలో, శనగ మిఠాయి చేసి అమ్ముతాడు. కూతురు ఇబ్తిహాల్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. హాజీ చేతిలో ఒక కవరు ఉంది. కవరులో పెళ్లికొడుకు ఉన్నాడు.

పెళ్లికొడుకు పేరు షౌకీ. కువైట్‌లో ఒక శీతల గిడ్డంగిలో సూపర్‌వైజరు. వయసు ముప్పై ఒకటి అని చెప్పారు. 1970లో వెళ్లినవాడు మళ్లీ ఊరు రాలేదు. గురువారం జరిగే నిఖాకి కూడా రాడు. అతని బదులు మేనమామ ముఖ్తార్ సంతకం పెడతాడు. ఆ పై శనివారం ఇబ్తిహాల్ ఒక్కతే విమానం ఎక్కుతుంది.

మిఠాయివాళ్ల సందులో ఇలాంటి పెళ్లికి ఒక పద్ధతి ఉంది. వరుడి కుర్చీ ఖాళీగా ఉంచరు. వధూవరులిద్దరూ పక్కపక్కన ఉన్న ఫొటోకి చట్రం కట్టించి ఆ కుర్చీలో నిలబెడతారు. ఖాజీ దాని ఎదురుగా కూర్చుని నిఖా చదువుతాడు. తర్వాత అది ముందుగదిలో మేకుకి ఎక్కుతుంది. ఇద్దరూ ఒకచోట నిలబడింది లేదు కాబట్టి నిలబెట్టడం మా పని.

స్టూడియో గర్బీస్‌ది. ఆర్మేనియన్. తాంతాలోనే పుట్టాడు, అయినా ఊరంతా ఖవాగా అనే పిలుస్తుంది, దొర అన్నట్టు. ఆయన దీపాలు పెట్టి ఫొటో తీస్తాడు. నేను నెగటివ్ మీద పెన్సిల్‌తో ముఖాలు శుభ్రం చేస్తాను. నా పేరు ఫిక్రియా. అప్పటికి పదిహేనేళ్లుగా అదే బల్ల దగ్గర కూర్చుంటున్నాను.

పని ఇలా జరుగుతుంది. వరుడి ఫొటోలో వెలుగు ఎటునుంచి పడిందో గర్బీస్ చూస్తాడు. దానికి ముక్కు కింద నీడ చాలు. పెద్ద దీపాన్ని అదే వైపు, అదే ఎత్తులో పెట్టి వధువుని తీస్తాడు. రెండు ఫొటోలనూ కత్తిరించి అతికించి మళ్లీ తీస్తాం. నీడలు ఒకవైపే పడితే చూసేవాళ్లకి ఇద్దరూ ఒకే గదిలో ఉన్నట్టు ఉంటుంది. పడకపోతే, ఎందుకో తెలియకుండానే, ఏదో తేడాగా ఉందంటారు.

షౌకీ ఫొటో నడుము దాకా ఉంది. సూటు, టై, ఒకదాని మీద ఒకటి పెట్టిన చేతులు, వేలికి రాయి ఉన్న ఉంగరం. గర్బీస్ దాన్ని కెమెరా పక్కన పిన్నుతో గుచ్చి, ఇబ్తిహాల్‌ని స్టూలు మీద కూర్చోబెట్టి, దీపాన్ని ఆమెకి ఎడమవైపు పెట్టాడు. ఫొటో చూశాడు. దీపాన్ని కుడివైపుకి మార్చాడు. మళ్లీ ఫొటో చూశాడు. మళ్లీ ఎడమకి తెచ్చాడు. ఇలా గంట గడిచింది. హాజీ మూడు గ్లాసుల టీ తాగాడు.

“దీపం పెడుతున్నావా ఖవాగా, పడవ కట్టేస్తున్నావా?” అన్నాడు.

బల్బు సరిగా లేదని, రేపు రమ్మని గర్బీస్ చెప్పాడు. హాజీకి ఆదివారం కుదరదు, సోమవారం వస్తామన్నాడు. ఇబ్తిహాల్ వెళుతూ బల్బు వైపు ఒకసారి చూసింది.

ఆదివారం డ్యూటీ దిగాక ఒక్కతే వచ్చింది. నా బల్ల దగ్గర నిలబడి, “బల్బు బాగానే ఉంది కదా అబ్లా?” అని అడిగింది. వయసులో పెద్ద ఆడవాళ్లని మా దగ్గర అలాగే పిలుస్తారు, అక్కా అన్నట్టు. రోజంతా ఇతరుల మాటలు కలిపే పనిలో ఉన్నవాళ్లకి ఎదుటి మనిషి దేన్ని దాటేశాడో వినపడుతుంది. నేను గర్బీస్‌ని పిలిచాను.

ఆయన ఫొటోని బల్ల మీద పెట్టి పెన్సిల్ మొనతో చూపించాడు. ముక్కు నీడ ఒకవైపు పడింది. చొక్కా కాలరు నీడ, టై నీడ రెండో వైపు పడ్డాయి. ఒక దీపం రెండు వైపులా నీడ వేయదు. తల ఒక గదిలో తీసింది, మొండెం ఇంకో గదిలో తీసింది. కంగారుపడాల్సింది లేదని, ఇది మా వృత్తిలో రోజూ జరిగేదేనని చెప్పాడు. సూటు లేనివాడికి సూటు తొడుగుతాం. మా దగ్గరే సూటు వేసుకున్న మొండేలు ఐదు ఉన్నాయి.

“అయితే ఈ చేతులు ఎవరివి?” అంది.

ఇంకేదో స్టూడియోవాళ్లు సూటు తొడిగి ఉంచుకున్న ఎవరో మనిషి చేతులని గర్బీస్ చెప్పాడు.

ఆమె ఫొటోని దగ్గరకి లాక్కుని చేతుల్నే చూసింది. “నెల నుంచి రోజూ చూస్తున్నాను. నేను ఒప్పుకున్నది ఈ చేతులు చూసే ఖవాగా.”

గర్బీస్ పెన్సిల్ పక్కన పెట్టాడు. చేతులు పోతే పోయాయి, ముఖమైనా సరిగా చూద్దామని భూతద్దం తీశాను. కళ్ల దగ్గర ఆగిపోయాను.

మా పెద్ద దీపం 1966లో నిచ్చెన మీద నుంచి పడింది. దాని బల్బు చుట్టూ ఉండే రేకు గిన్నె అంచు ఒకచోట లోపలికి మడతపడిపోయింది. గర్బీస్ దాన్ని మార్చలేదు. వెలుగుకి తేడా లేదు, కానీ కూర్చున్నవాళ్ల కంట్లో పడే తెల్ల చుక్కకి తేడా వచ్చింది. చుక్క గుండ్రంగా ఉండదు. ఒక పక్క కొరికిన రొట్టెలా ఉంటుంది. తాంతాలో పదమూడేళ్లుగా ఫొటో తీయించుకున్న ప్రతివాడి కంట్లోనూ ఆ కొరుకు ఉంది. చర్మం శుభ్రం చెయ్యి, కంటి జోలికి పోకు అని గర్బీస్ నాకు మొదటి రోజే చెప్పాడు కాబట్టి దాన్ని నేనెప్పుడూ పూడ్చలేదు.

షౌకీ కంట్లో ఆ కొరుకు ఉంది.

గర్బీస్ భూతద్దం తీసుకుని చూశాడు. ఇబ్తిహాల్ చూసింది. ఈ తల ఈ గదిలోనే, ఈ స్టూలు మీదే తీశారని ఆమెకి చెప్పాం. ఆమె లెక్క వేసింది. మేమూ వేశాం. దీపం పడింది 1966లో. షౌకీ దేశం విడిచింది 1970లో. అంటే ఈ ఫొటో నాటికి అతనికి పద్దెనిమిదికీ ఇరవై రెండుకీ మధ్య ఉండాలి. ఫొటోలో ఉన్నవాడికి ముప్పై దాటాయి. కళ్ల కింద గుంటలు ఉన్నాయి, ముక్కు నుంచి నోటి దాకా గీతలు ఉన్నాయి.

అప్పుడు ముప్పై ఉంటే ఇప్పుడు నలభై దాటి ఉండాలి. లేదా ఈ ముఖం షౌకీది కాదు. లేదా షౌకీ మధ్యలో ఎప్పుడో వచ్చి ఎవరికీ చెప్పకుండా వెళ్లాడు. మూడింటిలో ఏది నిజమైనా ముఖ్తార్ చెప్పినవాటిలో ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో తెలియడం లేదు.

తను అతనితో రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడానని ఇబ్తిహాల్ చెప్పింది. ఒక్కోసారి మూడు నిమిషాలు. అది నలభై ఏళ్ల గొంతు కాదని చెప్పింది. కాసేపటికి, గొంతుని బట్టి వయసు చెప్పడంలో తను చాలాసార్లు పొరబడిందని కూడా చెప్పింది. గురువారానికి నాలుగు రోజులు ఉంది. సంతకం అయ్యాక తెలిసి ప్రయోజనం లేదు.

నేను మళ్లీ భూతద్దం కింద పెట్టి చూశాను. ఈసారి ఎడమ చెంప మీద ఇంకోటి కనిపించింది. పెన్సిల్ గీతలు. రిటచింగ్ చేసేవాళ్ల గీతలు చేతిరాత లాంటివి. ఒకరు చుక్కలు పెడతారు, ఒకరు సున్నాలు చుడతారు. నావి కామాలు, ఎడమకి వాలి ఉంటాయి. చెవి కింద నుంచి నోటి వైపుగా వరసగా నా కామాలు ఉన్నాయి.

ఆ మాట వాళ్లిద్దరికీ చెప్పాను. ఆ చెంప మీద ఏదో ఉండేదని, దాన్ని తీసేసింది నేనేనని చెప్పాను. ఏం తీసేశావని ఇబ్తిహాల్ అడిగింది. గుర్తులేదన్నాను. పదిహేనేళ్లలో ఎన్ని వేల చెంపలో. తీసేసినదాన్ని గుర్తుపెట్టుకోవడం నా పని కాదు.

నెగటివ్‌లు పెట్టెల్లో ఉంటాయి, సంవత్సరం వారీగా. కవరు మీద ఫొటోలోని మనిషి పేరు రాయం. పని చెప్పినవాళ్ల పేరు రాస్తాం. పిల్లలకి తండ్రి పేరు, కోడళ్లకి అత్త పేరు. పని చెప్పినవాళ్లే తీసుకెళ్లడానికి వస్తారు కదా. ముప్పై ఏళ్లుగా దీనివల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఇప్పుడు షౌకీ పేరు ఉన్న కవరు ఒక్కటీ దొరకలేదు. వాళ్లమ్మ పేరు మీద కూడా లేదు.

పేరుతో కాక పెన్సిల్‌తో వెతికాను. నెగటివ్‌ని దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే పెన్సిల్ రాసిన చోట మెరుస్తుంది. చెంప మీద బియ్యపుగింజంత పొడవున మెరిసేది ఎక్కడుందో చూడాలి. ఆదివారం సాయంత్రం 1966 పెట్టె, 1967 పెట్టె చూశాను. సోమవారం పొద్దున్నే మిగిలినవి మొదలుపెట్టాను. ఇబ్తిహాల్ డ్యూటీ మార్చుకుని వచ్చి, ఒక్కో నెగటివూ తీసి నాకు అందించింది. మధ్యలో వేయించిన బొబ్బర్ల ఉండలు తెప్పించుకుని తిన్నాం. వేళ్లు తుడుచుకోకుండా నెగటివ్ ముట్టుకున్నందుకు నేను ఆమెని కసిరాను. “ఇన్ని మచ్చలు తీసినదానివి, ఒక నూనె మచ్చకి భయపడతావేం అబ్లా?” అంది.

1970 పెట్టెలో, ఫిబ్రవరిలో, దొరికింది. అదే తల, అదే కొరుకు, చెంప మీద మెరుపు. కవరు మీద పేరు ముఖ్తార్ అని ఉంది.

ఇబ్తిహాల్ ఆ పేరు చదివి కూర్చుండిపోయింది. మేనమామ తన పాత ఫొటోనే పెళ్లికొడుకుగా పంపాడని అనుకుంది. పేరు పని చెప్పినవాళ్లదని నేను మళ్లీ వివరించాను. అయితే పని చెప్పినవాడే కూర్చుని ఉండకూడదా అని అడిగింది. కూర్చోవచ్చన్నాను.

గర్బీస్ కవరు తిప్పి చూశాడు. వెనక తన చేతిరాత ఉంది. రెండే ముక్కలు: “దీపం జాన పైకి. చెంప.”

ఆయన నవ్వాడు. ఆ రెండు రోజుల్లో నవ్వడం అదే మొదలు. ఇబ్తిహాల్‌ని స్టూలు మీద కూర్చోమన్నాడు. చేతికి అద్దం ఇచ్చాడు. పెద్ద దీపం వెలిగించి మామూలు ఎత్తులో పెట్టి, చూసుకోమన్నాడు. తర్వాత దీపాన్ని ఒక జాన పైకి ఎత్తి కొంచెం దగ్గరకి లాగాడు. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. ఆమె కళ్ల కింద గుంటలు పడ్డాయి. ముక్కు పక్క నుంచి నోటి దాకా రెండు గీతలు దిగాయి. ఇరవై ఆరేళ్ల మనిషి తన పెద్దమ్మలా అయింది.

గల్ఫ్ ఉద్యోగాలకి దరఖాస్తు పెట్టే కుర్రాళ్లకి అలా చేసేవాడినని గర్బీస్ చెప్పాడు. ఇరవై రెండేళ్లవాడిని చూసి ఎవరూ సూపర్‌వైజరు పని ఇవ్వరు. జాన ఎత్తితే పదేళ్లు. కాబట్టి ఫొటోలో ఉన్నది ముఖ్తార్ కాదు, అప్పటికే ఆయనకి నలభై పైన ఉంటాయి, ఆయనకి దీపం ఎత్తాల్సిన అవసరం లేదు. ఫొటోలో ఉన్నది ఇరవై రెండేళ్ల షౌకీ. ఇప్పుడు ముప్పై ఒకటి. ముఖ్తార్ వయసు అబద్ధం చెప్పలేదు. దీపం చెప్పింది.

“మరి చెంప?” అంది ఇబ్తిహాల్.

పెన్సిల్ నెగటివ్ మీద నేరుగా అంటదు. ముందు ఒక పూత పూస్తాం. టర్పెంటైన్‌లో ముంచిన దూదితో రుద్దితే పూతా పోతుంది, పెన్సిలూ పోతుంది. నా పనిని నేను ఎప్పుడూ తుడవలేదు. తుడిచాను. నిమిషం పట్టింది. గర్బీస్ చీకటి గదిలోకి తీసుకెళ్లి ప్రింట్ వేశాడు. తడి కాగితాన్ని తెచ్చి బల్ల మీద పరిచాడు.

చెవి కింద నుంచి నోటి దగ్గర దాకా ఒక కోత మచ్చ ఉంది. కుట్లు కనిపిస్తున్నాయి. పైనుంచి పడ్డ వెలుగు దాన్ని ఉన్నదానికంటే లోతుగా చూపిస్తోంది. మచ్చతో ఆ ముఖం ఇంకో మనిషిదిలా ఉంది.

ఇబ్తిహాల్ చాలాసేపు చూసింది. “తీసెయ్యమని ఎవరు చెప్పారు అబ్లా?”

కవరు మీద ఉన్నది ముఖ్తార్ పేరు. ఆయన చెప్పి ఉండవచ్చు. కూర్చున్నవాడే చెప్పి ఉండవచ్చు. ఎవరూ చెప్పకుండానే, అలవాటు కొద్దీ తనే రాసి ఉండవచ్చని గర్బీస్ అన్నాడు. ఆ రోజుల్లో తను చాలా కవర్ల మీద ఆ మాట రాసేవాడినన్నాడు. పక్కన రేజరు గాటు ఉన్నవాడి కవరు మీద కూడా అదే మాట ఉంది. ముగ్గురిలో ఎవరో తేలలేదు.

మగవాడికి ఒక మచ్చ ఉంటే ఏమైందని నేను అన్నాను. అనకుండా ఉండాల్సింది.

“మచ్చ సంగతి కాదు,” అంది. “నాన్నకి చెబితే నీలాగే అంటారు, నవ్వేస్తారు. దాచింది పెళ్లికొడుకు కాకపోతే నేను రేపే వెళతాను. అతనే అయితే, అక్కడ నాకు ఎవరూ లేరు. ఇంకా ఏం దాచాడో ఎవరిని అడగను?”

ఆ సోమవారం హాజీ కూతురితో రావాల్సిన వేళకి వచ్చి, కూతురు అప్పటికే అక్కడ ఉండటం చూసి సంతోషించాడు. తడి ప్రింట్ మీద గర్బీస్ ఒక తువ్వాలు వేశాడు. బల్బు ఇంకా రాలేదని చెప్పాడు.

మంగళవారం ఆమె డ్యూటీలో ఉండగా కువైట్ లైను ఖాళీ అయితే తనే షౌకీకి కలుపుకుంది. ఆ సంభాషణ నాకు తర్వాత చెప్పింది. మచ్చ మాట ఎత్తలేదట. విమానాశ్రయంలో చాలామంది ఉంటారు, మిమ్మల్ని ఎలా గుర్తుపట్టాలి అని మాత్రమే అడిగిందట. చెబితే చెప్పినట్టు, చెప్పకపోతే దాచినట్టు అనుకుందామని. అతను నవ్వి, “నువ్వు వెతకక్కర్లేదు, నేనే నిన్ను గుర్తుపడతాను” అన్నాడట. లైను తెగింది.

ఇది చెప్పినట్టా, దాచినట్టా అని నన్ను అడిగింది. నేను ఆ మాటని నాలుగు రకాలుగా అనుకుని చూశాను. ఒకసారి ప్రేమగా వినపడింది, ఒకసారి తప్పించుకున్నట్టు వినపడింది. మిగిలిన రెండుసార్లు ఏమీ వినపడలేదు. నువ్వు అతని గొంతు విన్నావు కదా, నీకేమనిపించిందని అడిగాను. ఈసారి గొంతు బొంగురుగా ఉందని, జలుబు చేసి ఉంటుందని చెప్పింది.

బుధవారం ఆమె గర్బీస్‌ని ఒక సాయం అడిగింది. ఫొటో కుదరలేదని నాన్నకి చెప్పమంది. కుర్చీలో పెట్టడానికి ఫొటో లేకపోతే మిఠాయివాళ్ల సందులో నిఖా జరగదు. ఈలోగా తను ఒక ఉత్తరం పంపుతుంది. గర్బీస్ కొంచెం ఆలోచించి, అది అబద్ధం కాదు కదా అన్నాడు. నిజంగానే వెలుగు కుదరలేదు.

హాజీ ఒప్పుకోవడానికి అరగంట పట్టింది. పెద్దమ్మాయి పెళ్లికి కుర్చీలో ఫొటో ఉంది, దీనికి లేకపోతే సందులో ఏమంటారని ఆయనే చివరికి అన్నాడు. ముఖ్తార్ మాత్రం ఒప్పుకోలేదు. సాయంత్రం స్టూడియోకి వచ్చి, ఖాజీ నిఖా చదివేది మనుషులకా ఫొటోలకా అని అడిగాడు. ఆయన బడి ఇన్‌స్పెక్టరు. నిలబడే మాట్లాడతాడు.

గర్బీస్ ఆయనకి ముక్కు నీడ చూపించాడు, కాలరు నీడ చూపించాడు. ముఖ్తార్ రెండూ చూసి కూర్చున్నాడు. మేనల్లుడు పంపిన ఫొటో వేరే ఉండేదని చెప్పాడు. రబ్బరు బూట్లు వేసుకుని, వేలాడదీసిన మాంసం ముందు నిలబడి తీయించుకున్నాడట.

“కుర్చీలో కసాయివాణ్ణి నిలబెట్టమంటావా ఖవాగా?” అన్నాడు. “ఉన్నవాటిలో పాత ఫొటో ఒకటే బాగుంది. కైరోలో ఇచ్చి సూటు తొడిగించాను. మంచి పనే చేశాననుకున్నాను.”

బూట్ల ఫొటో ఏదని నేను అడిగాను. చింపేశాడట. చెంప మీది మచ్చ సంగతి అడిగాను. ఏ మచ్చ అన్నాడు. తుడిచిన ప్రింట్ చూపించాను. “ఓ, అదా. ఐసు ఫ్యాక్టరీలో సీసా పేలింది, అప్పుడు వాడికి పన్నెండేళ్లు. ఇంట్లో ఎవరం దాన్ని చూడం.” పన్నెండా, పదమూడా అని తనలో తను లెక్క వేసుకుంటూ వెళ్లిపోయాడు.

ఇబ్తిహాల్‌కి ఇదంతా చెప్పాను. ముఖ్తార్ చెప్పింది నిజమైతే షౌకీ ఏమీ దాచలేదు. కానీ చింపేసిన ఫొటోని ఎవరూ చూడలేదు. సూటు సంగతి ముందు చెప్పనివాడు బుధవారం చెప్పింది ఎంతవరకు నమ్మాలో తెలియలేదు. ఆమె తుడిచిన ప్రింట్‌ని కవరులో పెట్టింది. వెనక ఒక వాక్యం రాసింది: “విమానాశ్రయంలో నేను ఎవరిని వెతకాలి?”

జవాబు ఇరవై రెండు రోజులకి వచ్చింది. ఈలోగా హాజీ ఎనిమిదిసార్లు బల్బు గురించి అడిగాడు. విమానం టికెట్టు మార్చారు. సందులో పెళ్లి తప్పిపోయిందని కొందరు, పెళ్లికొడుకుకి అక్కడ ఇంకో భార్య ఉందని కొందరు అనుకున్నారు. పెళ్లికొడుకే లేడని, ముఖ్తార్ కల్పించాడని కూడా ఒకరు అన్నారు. ఇబ్తిహాల్ ప్రతి రోజూ ఎక్స్ఛేంజికి వెళ్లింది. కువైట్ లైను వచ్చినప్పుడల్లా పక్క అమ్మాయికి ఇచ్చేసింది.

కవరులో ఒక ఫొటో ఉంది. గిడ్డంగిలో తీసింది. చిన్న కెమెరా, దాని మీదే ఫ్లాష్. తోటి పనివాడెవరో తీసి ఉంటాడు, ఫ్రేము పక్కకి ఒరిగింది. రబ్బరు బూట్లు, తోలు చేతి తొడుగులు, వెనక మంచు పట్టిన గోడ. ఎడమ చెంపని కొంచెం కెమెరా వైపు తిప్పి నిలబడ్డాడు. వెనక ఒకే మాట ఉంది: “ఇతన్ని.”

ఇబ్తిహాల్ దాన్ని గర్బీస్ చేతిలో పెట్టి, కుర్చీలోకి దీంతోనే చెయ్యమంది.

గర్బీస్ ఫొటోని దూరంగా పట్టుకుని చూశాడు. ఇది వెలుగు కాదన్నాడు. ఎదురుగా కొట్టిన ఫ్లాష్‌లో ముక్కు ఉండదు, దవడ ఉండదు, మనిషి కాగితంలా అయిపోతాడు. దానికి జోడీగా ఆమెని తీయాలంటే దీపాన్ని కెమెరా పక్కనే, కంటి ఎత్తులో, ఏ అడ్డూ లేకుండా పెట్టాలి. నలభై ఏళ్లుగా చేయకూడదని నేర్పుతూ వచ్చినది చేయాలి. ఆమె చెయ్యమంది.

ఇంకొకటి కూడా చెప్పాలనుకున్నాడు. చెప్పాలా వద్దా అని నా వైపు చూశాడు. నేనే చెప్పాను. ఫొటోలో మచ్చ సన్నగా ఉంది, సగమే కనిపిస్తోంది. ఎదురు వెలుగు మచ్చల్ని మింగేస్తుంది. పైనుంచి పడ్డ వెలుగు ఉన్నదానికంటే ఎక్కువ చూపించింది, ఇది తక్కువ చూపిస్తోంది.

“అయితే అసలుది ఎంత ఉంటుంది?” అంది.

గర్బీస్‌కి తెలియదు. రెంటికీ మధ్యలో ఎక్కడో అన్నాడు. ఆమె రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూసి, స్టూలు మీద కూర్చుంది.

దీపం ముఖం మీదకి నేరుగా కొట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లు ఆర్పొద్దని గర్బీస్ చెప్పాడు. మూడు నెగటివ్‌లు పాడయ్యాయి. నాలుగోదాంట్లో కళ్లు తెరుచుకున్నాయి, కానీ నోరు బిగిసింది. అదే చాలంది.

నిఖా ఏప్రిల్ మూడో గురువారం జరిగింది. కుర్చీలో ఫొటో నిలబెట్టారు. ఒకరు రబ్బరు బూట్లలో, ఒకరు తెల్ల ముసుగులో. ఇద్దరూ ఎదురుగా వచ్చే బండి లైట్లలోకి చూస్తున్నట్టున్నారు. ఇద్దరినీ పోలీసులు పట్టుకొచ్చినట్టుందని హాజీ అన్నాడు. ముఖ్తార్ సంతకం పెట్టి, కుర్చీ వైపు చూడకుండా మిఠాయి తిన్నాడు. ఆడవాళ్లలో ఒకామె దగ్గరకి వెళ్లి చూసి, చెంప మీద అది మచ్చా, ఫొటో మీద గీతా అని నన్ను అడిగింది. మచ్చే అన్నాను. నమ్మలేదు. వేలితో అద్దం తుడిచింది.

ఆ ఫొటో చట్రానికి వెళ్లేముందు నేను భూతద్దంతో చూశాను. అతని కంట్లో చుక్క నడుమ ఉంది, చిన్నది, ఫ్లాష్ చేసిన చుక్క. ఆమె కంట్లో కూడా నడుమనే ఉంది, కానీ ఒక పక్క కొరుకు ఉంది. చూడటం తెలిసినవాళ్లకి ఇద్దరూ ఒకే గదిలో లేరని తెలిసిపోతుంది. ఒక్క పెన్సిల్ చుక్క పెడితే సరిపోతుంది. పెన్సిల్ చెక్కుకుని, ఆ కొరుకు పూడ్చనా అని ఇబ్తిహాల్‌ని అడిగాను.

భూతద్దం కింద తన కన్ను చూసుకుంది, అతని కన్ను చూసింది.

“ఉండనీ అబ్లా,” అంది. “అక్కడికి వెళ్లాక చూస్తాను.”